ఆబ్కారీ లెక్క, ఔషధ లెక్క: గార్ల పరిసర తెలంగాణలో మద్యం, స్టెరాయిడ్ల దీర్ఘకాలిక ఆరోగ్యహాని - తులనాత్మక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మద్యం, స్టెరాయిడ్లు - ఈ రెండింటిలో దీర్ఘకాలంలో ఏది ఎక్కువ హానికరం అన్న ప్రశ్నకు సాధారణంగా వైద్యశాస్త్రం నుండి మాత్రమే సమాధానం వెదుకుతారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను తెలంగాణ సామాజిక చరిత్రలో నిలిపి చూస్తుంది. నేటి మహబూబాబాద్ జిల్లాలోని గార్ల, దాని పరిసర ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని, మద్యం రాజ్యపు ఆదాయపద్దులోకి, స్టెరాయిడ్ వైద్యపు ఔషధపద్దులోకి ఎట్లా చేరాయో వివరిస్తుంది. ఒక పదార్థపు హాని సమాజానికి ఎంత కనిపిస్తుందన్నది, ఆ పదార్థం శరీరానికి ఎంత చెరుపు చేస్తుందన్న దానిపై కన్నా, దానిని ఎవరు, ఏ పద్దులో నమోదు చేశారన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆబ్కారీ, గుడుంబా, కల్లు, సారా వ్యతిరేకోద్యమం, స్టెరాయిడ్లు, సూదిమందు, మహబూబాబాద్.

1. ఉపోద్ఘాతం

గార్ల డోర్నకల్ జంక్షన్‌కు, ఇల్లందు బొగ్గుగనులకు నడుమ ఉన్న మండల కేంద్రం. నిజాం కాలంలో వరంగల్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. లంబాడీ తండాలు, కోయ గూడేలు, వ్యవసాయ గ్రామాలు కలగలిసిన ప్రాంతమిది. తాటి, ఈత చెట్ల కల్లు, ఇప్పపువ్వు సారా, నల్లబెల్లంతో కాచే గుడుంబా, ప్రభుత్వ సారా, సీసా మద్యం - తెలంగాణ ఎరిగిన మత్తు పానీయాలన్నీ ఈ సీమకు పరిచితమైనవే. వ్యవసాయ కూలీల కీళ్లనొప్పులు, గని కార్మికుల నడుము నొప్పులు కూడా ఇక్కడి జీవనంలో భాగమే. మొదటి వాటి చరిత్ర ఆబ్కారీ దస్త్రాలలో ఉంది. రెండవ వాటికి వాడే మందుల చరిత్ర దాదాపు ఎక్కడా లేదు.

ఈ తేడాయే ఈ వ్యాసానికి ప్రాతిపదిక. ఇక్కడ స్టెరాయిడ్లు అన్నప్పుడు రెండు వేరువేరు వర్గాలను దృష్టిలో ఉంచుకోవాలి. మొదటివి వాపును, నొప్పిని తగ్గించే కార్టికోస్టెరాయిడ్లు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ ఈ వర్గంలోనివి. రెండవవి కండరాలను పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు. ఇవి పురుష హార్మోనైన టెస్టోస్టిరాన్‌కు సంబంధించినవి. వార్తలలోనూ చర్చలలోనూ ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల పోలిక తారుమారవుతున్నది. గ్రామీణ తెలంగాణకు సంబంధించినంతవరకు మొదటి వర్గమే ముఖ్యమైనది. రెండవది ప్రధానంగా నగరాలలోని వ్యాయామశాలల సమస్య.

2. మద్యం: ఆదాయపద్దులో చేరిన పదార్థం

మద్యం వల్ల కలిగే రోగాలను గుర్తించడం భారతీయ వైద్యానికి కొత్త కాదు. చరక సంహిత చికిత్సాస్థానంలో మదాత్యయ చికిత్సకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. యూరప్‌లో 1793లో మాథ్యూ బెయిలీ కాలేయం గట్టిపడటానికీ, ఘాటైన మద్యానికీ సంబంధముందని గుర్తించాడు. 1819లో లెనెక్ ఆ వ్యాధికి సిర్రోసిస్ అని పేరుపెట్టాడు. అంటే ఆధునిక రాజ్యం మద్యాన్ని ఆదాయ వనరుగా క్రమబద్ధీకరించే నాటికే దాని దీర్ఘకాలిక హాని వైద్యులకు తెలుసు.

అయినా హైదరాబాద్ సంస్థానం మద్యాన్ని ఆరోగ్య విషయంగా పరిగణించలేదు. ఫసలీ 1316 నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ప్రధానంగా తయారీ, అమ్మకం, పన్ను, కాంట్రాక్టులకు సంబంధించినది. సంస్థానపు ముఖ్య ఆదాయ మార్గాలలో ఆబ్కారీ ఒకటి. చెట్లను లెక్కించి పన్ను కట్టించుకోవడం, దుకాణాలను వేలం వేయడం, ముస్తాజర్లకు హక్కులు అప్పగించడం - ఇవన్నీ కలిసి గ్రామస్థాయి వరకు విస్తరించిన ఒక పద్దును సృష్టించాయి. ఆ పద్దులో ఎన్ని తాళ్లు, ఎన్ని ఈదులు, ఎంత వేలంపాట అన్నవి ఉన్నాయి. ఎందరి కాలేయాలు చెడిపోయాయన్న ప్రశ్నకు అందులో గడి లేదు.

1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన తరువాత ఈ ప్రాంతంలో రోజుకూలితో బ్రతికే కార్మిక జనాభా పెరిగింది. నగదు కూలి అందే చోట మద్యం అమ్మకానికి స్థిరమైన గిరాకీ ఏర్పడటం ఏ గనిప్రాంతంలోనైనా చూడగలిగేదే. భూగర్భంలో చేసే శ్రమకు ఒకవైపు నొప్పి, మరొకవైపు ఆ నొప్పిని మరపించే మత్తు తోడయ్యాయి. ఈ వ్యాసంలో పోల్చుతున్న రెండు పదార్థాలకు ఉన్న సామాజిక మూలం ఇదే. ఒకటి శ్రమను మరపిస్తుంది. మరొకటి శ్రమ మిగిల్చిన నొప్పిని అణచి, మరునాడు మళ్లీ పనికి పంపుతుంది.

పొరుగున ఉన్న మద్రాసు రాష్ట్రంలో పరిస్థితి భిన్నంగా ఉండేది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో ప్రారంభించిన మద్యనిషేధం, 1948 నాటికి ఆంధ్ర జిల్లాలతో సహా ఆ రాష్ట్రమంతటికీ విస్తరించింది. హైదరాబాద్ వైపున్న ఖమ్మం ప్రాంతంలో ఆబ్కారీ వేలాలు సాగుతుండగా, సరిహద్దు ఆవలి కృష్ణా జిల్లాలో మద్యం నేరంగా ఉండేది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఈ తేడాకు ప్రత్యేక స్థానం దక్కింది. తెలంగాణలో మద్యనిషేధం ఎట్లా అమలు కావాలన్నది తెలంగాణ శాసనసభ్యులే నిర్ణయించాలని అందులో రాసుకున్నారు. మద్యం ఇక్కడ ప్రాంతీయ హక్కుల అంశంగా, రాబడి అంశంగా చర్చకు వచ్చింది. ఆరోగ్య అంశంగా రాలేదు. 1960ల చివర ఆంధ్ర ప్రాంతంలో నిషేధం సడలింది. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టంతో రెండు ప్రాంతాలూ ఒకే ఆదాయ వ్యవస్థలోకి వచ్చాయి.

3. పద్దును తిరగరాసిన స్త్రీలు

1980లలో వారుణి వాహిని పథకం కింద ప్రభుత్వ సారా ప్లాస్టిక్ సంచులలో పల్లెపల్లెకు చేరింది. దుకాణం దాకా నడవవలసిన దూరం తగ్గినకొద్దీ, తాగుడుకు అడ్డుగా ఉన్న చివరి ఆటంకమూ తొలగిపోయింది. 1990ల ప్రారంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల నుండి మొదలైన స్త్రీల కదలిక, దూబగుంట గ్రామం పేరుతో చరిత్రకెక్కింది. 1992లో అది సారా వేలంపాటలను అడ్డుకొనే స్థాయికి పెరిగింది. అదే కాలంలో ఉత్తర తెలంగాణ జిల్లాలలో పీపుల్స్‌వార్ పార్టీ సారా అమ్మకాలను నిషేధించింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1994 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలుచేసింది. 1997లో దానిని సడలించారు. సారాపై నిషేధం మాత్రం కొనసాగింది.

ఈ ఉద్యమం సాధించిన అసలు ఫలితాన్ని నిషేధం ఎన్నాళ్లు నిలిచిందన్న దానితో కొలవలేము. ఆబ్కారీ పద్దులో లేని నష్టాలను స్త్రీలు బహిరంగ పద్దులోకి తెచ్చారు. తాగుబోతు భర్త చేతి దెబ్బలు, పిల్లల ఆకలి, అమ్ముడుపోయిన గిన్నెలు, అప్పు, అకాల వైధవ్యం - ఇవి మద్యపు దీర్ఘకాలిక పరిణామాలేనని వారు చెప్పారు. ప్రజారోగ్య శాస్త్రంలో ఇతరులకు కలిగే హాని అన్న భావన మన విశ్వవిద్యాలయాలలో పాఠ్యాంశం కాకమునుపే, ఆ స్త్రీలు దానిని వీధిలో నిరూపించారు.

నిషేధకాలంలోనూ, ఆ తరువాతా ఏజెన్సీ సరిహద్దు ప్రాంతాలలో గుడుంబా ప్రాబల్యం పెరిగింది. నల్లబెల్లం, పటిక వ్యాపారంపై నిఘా, బట్టీలపై దాడులు, తయారీదారుల పునరావాసం వంటివి తెలంగాణ ఏర్పడిన తరువాత ప్రభుత్వ కార్యక్రమాలయ్యాయి. షెడ్యూల్డ్ గ్రామాలలో మత్తు పానీయాల అమ్మకాన్ని నియంత్రించే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభలకు గుర్తించింది. మరొకవైపు రాబడి పద్దు విస్తరిస్తూనే వచ్చింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం 2,620 మద్యం దుకాణాలకు లైసెన్సులు ప్రకటించింది. వాటిలో గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ కల్పించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన పురుషులలో 43.3 శాతం, స్త్రీలలో 6.7 శాతం మద్యం సేవిస్తున్నారు. సర్వే మద్యం గురించి అడుగుతుంది కనుకనే ఈ అంకెలు దొరుకుతున్నాయి. నొప్పులకు వేయించుకొనే సూదుల గురించి అందులో ప్రశ్న లేదు.

4. స్టెరాయిడ్: ఔషధపద్దులో చేరిన పదార్థం

కార్టికోస్టెరాయిడ్ల చరిత్ర చాలా చిన్నది. 1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్లవాతంతో కదలలేని ఒక స్త్రీకి ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్ సూదిని ఇచ్చింది. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఆ నాటికే వైద్యులు మరొక సంగతినీ గమనించారు. ఎక్కువ కాలం ఈ మందు వాడినవారి ముఖం గుండ్రంగా ఉబ్బుతున్నది, పొట్ట పెరుగుతున్నది, చర్మం పలచబడుతున్నది. శరీరంలోనే ఈ హార్మోను అతిగా ఊరినప్పుడు కనిపించే ఇవే లక్షణాలను 1932లో హార్వీ కుషింగ్ వర్ణించి ఉన్నాడు. అంటే మద్యం విషయంలో వలెనే స్టెరాయిడ్ల విషయంలోనూ హానిని గురించిన జ్ఞానం ఆలస్యంగా రాలేదు. ఉపయోగంతోపాటే వచ్చింది.

కీళ్లవాతం చికిత్సా చరిత్రలో ఒక తెలుగు శాస్త్రవేత్తకు స్థానముంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో నడిపిన పరిశోధన నుండి ఫోలిక్ ఆమ్లపు ప్రతిరోధకాలు వెలువడ్డాయి. వాటిలో ఒకటి నేటి మెథొట్రెక్సేట్. కార్టిసోన్ తొలి సూదికి కొద్దివారాల ముందు, 1948 ఆగస్టులో ఆయన మరణించాడు. క్యాన్సర్ చికిత్స కోసం రూపొందిన ఆ మందును 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్లవాతానికి ఆమోదించింది. వారానికొకసారి తక్కువ మోతాదులో వాడే ఈ మందు, కీళ్లవాత రోగులకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్లపై ఆధారపడే అవసరాన్ని తగ్గించింది. అయితే ఈ మందు వాడే రోగులు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి, మద్యానికి దూరంగా ఉండాలి. నిపుణుడైన వైద్యుడు, రక్తపరీక్ష, క్రమం తప్పని రాకపోకలు - ఈ మూడూ అందుబాటులో లేని చోట సుబ్బారావు మందుకన్నా స్టెరాయిడ్ సూదే తేలికగా దొరుకుతుంది.

తెలుగు గ్రామాలలో ఆర్‌ఎంపీలుగా పిలిచే అనర్హ వైద్యుల పాత్ర ఇక్కడ కీలకం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దూరమైనప్పుడు, ఒక పూట కూలి పోగొట్టుకోలేని మనిషికి రాత్రివేళ ఇంటికి వచ్చి అప్పుగా సూది వేసే వ్యక్తే వైద్యుడవుతాడు. స్టెరాయిడ్ కలిసిన సూదిమందు గంటల వ్యవధిలో నొప్పిని, వాపును, జ్వరాన్ని తగ్గిస్తుంది. దానితో వైద్యుని చేతివాసి పేరు మోగుతుంది. నాట్లలో, కలుపులో వంగి వంగి మోకాళ్లు అరిగిన స్త్రీకి ఆ సూది సీజనంతా కూలికి వెళ్లే శక్తినిస్తుంది. ఆమె దృష్టిలో అది మత్తు కాదు, దురలవాటు కాదు, మందు.

చట్టం కూడా దానిని మందుగానే చూసింది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నియమాల ప్రకారం స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్ కిందికి వస్తాయి. రిజిస్టర్డ్ వైద్యుని చీటీ లేకుండా వాటిని అమ్మరాదు. 2014 మార్చి నుండి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 కొన్ని యాంటీబయాటిక్‌లకు, అల్‌ప్రజొలాం వంటి మత్తు కలిగించే మందులకు మరింత కట్టుదిట్టమైన నిబంధన పెట్టింది. వాటి అమ్మకాలను రోగి పేరు, వైద్యుని పేరు, పరిమాణంతో సహా ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్లు భద్రపరచాలి. కార్టికోస్టెరాయిడ్లు ఆ జాబితాలో లేవు. చర్మంపై పూసే స్టెరాయిడ్ లేపనాలకైతే 2018 వరకు చీటీ నియమం నుండి మినహాయింపు ఉండేది. ఆ ఏడాదే 14 రకాల లేపనాలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. రంగు తేలడానికని వాటిని ఏళ్ల తరబడి ముఖానికి పూసుకొన్నవారి చర్మం అప్పటికే పలచబడిపోయింది.

5. శరీరంలో రెండు చరిత్రలు కలిసే చోటు

దీర్ఘకాలిక హానిని అవయవాల వారీగా పోల్చినప్పుడు తేడాలు, పోలికలు రెండూ స్పష్టమవుతాయి. మద్యం కాలేయాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. కొవ్వు చేరడం, వాపు, సిర్రోసిస్ అన్న క్రమంలో ఆ నష్టం సాగుతుంది. క్లోమం, గుండె కండరం, నరాలు, మెదడు కూడా దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యపానీయాలను మానవులలో క్యాన్సర్ కలిగించేవిగా నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 26 లక్షల మరణాలకు మద్యం కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

కార్టికోస్టెరాయిడ్ల తీరు వేరు. అవి కాలేయాన్ని ప్రధాన లక్ష్యంగా చేసుకోవు. ఎముకలు గుల్లబారడం, కండరాలు క్షీణించడం, రక్తంలో చక్కెర పెరగడం, రక్తపోటు, కంటి శుక్లాలు, నీటికాసులు, రోగనిరోధకశక్తి తగ్గడం వాటి ముఖ్య పరిణామాలు. దేహంలో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టడానికి అవి దారితీయగలవు. క్షయ విస్తృతంగా ఉన్న మన సమాజంలో ఇది చిన్న విషయం కాదు. అనబాలిక్ స్టెరాయిడ్లది మూడవ దారి. మంచి కొలెస్టరాల్ పడిపోవడం, గుండె కండరం మందమై బలహీనపడటం, వృషణాలు కుంచించుకుపోయి సంతానలేమి కలగడం, మాత్రల రూపంలో తీసుకొనే కొన్ని రకాల వల్ల కాలేయంలో గడ్డలు ఏర్పడటం వాటి పరిణామాలు. 2017లో అమెరికా పరిశోధకులు బరువులెత్తే 140 మంది పురుషులను పరిశీలించి, స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడినవారి గుండె రక్తాన్ని నెట్టే శక్తి తగ్గినట్లు చూపారు. క్యాన్సర్ పరిశోధనా సంస్థ వర్గీకరణలో ఇవి 2ఎ వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటిలో ఉన్నాయి.

మద్యం, కార్టికోస్టెరాయిడ్లు రెండూ కలిసి దాడిచేసే స్థానం ఒకటుంది. అది తుంటికీలు. దెబ్బ తగలకుండానే తొడఎముక తలకు రక్తం అందక, ఆ ఎముక చచ్చుబడిపోయే వ్యాధికి ప్రధాన కారణాలుగా వైద్యశాస్త్రం చెప్పేవి ఈ రెండే. తాగే అలవాటున్న కూలి తుంటినొప్పికి స్టెరాయిడ్ సూది వేయించుకుంటే, ఒక కారణానికి రెండవ కారణం తోడవుతుంది. నొప్పి తగ్గిన మేర నడక పెరుగుతుంది, నడక పెరిగినకొద్దీ ఎముక కుంగుతుంది. అతిగా తాగేవారిలో కొందరికి స్టెరాయిడ్ వాడకపోయినా ముఖం ఉబ్బి, పొట్ట పెరిగి, కుషింగ్ వ్యాధి పోలికలు కనిపిస్తాయి. మద్యం దేహంలోని సొంత స్టెరాయిడ్ హార్మోనును పెంచడం దీనికి కారణం.

మరొక కలయిక చికిత్సలో ఉంది. మద్యం వల్ల కాలేయం తీవ్రంగా వాచి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వైద్యులు వాడే మందులలో ప్రెడ్నిసొలోన్ ఒకటి. ఇది స్టెరాయిడే. 2015లో ప్రచురితమైన బ్రిటన్ పరిశోధనలో వెయ్యిమందికి పైగా రోగులను పరిశీలించారు. 28 రోజుల గడువులో మరణాలు కొంత తగ్గినట్లు కనిపించినా ఆ తగ్గుదల గణాంకపరంగా నిలబడలేదు. మూడు నెలలకు, ఏడాదికి ప్రయోజనమేమీ కనిపించలేదు. స్టెరాయిడ్ తీసుకొన్నవారిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు 13 శాతం ఉండగా, తీసుకోనివారిలో 7 శాతం ఉన్నాయి. ఒక పదార్థం చేసిన చెరుపును మరొకటి మాన్పబోయి, తన చెరుపును దానికి చేర్చిన సందర్భమిది.

6. హఠాత్తుగా మానడం అనే ప్రమాదం

రెండు పదార్థాలకూ ఉన్న మరొక ముఖ్యమైన పోలిక వాడకం ఆపే దశలో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి అతిగా తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్, సంధి ప్రేలాపన రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణాపాయం కూడా. కార్టికోస్టెరాయిడ్లను వారాల తరబడి వాడితే మూత్రపిండాలపైనుండే ఎడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుంటాయి. ఆ స్థితిలో మందు హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. సూది వేసే వ్యక్తి మందు పేరు చెప్పకపోతే, ఆసుపత్రికి చేరిన రోగికి తాను ఏమి మానేశాడో కూడా తెలియదు.

నిషేధమే పరిష్కారమనే వాదానికి ఇది పరిమితిని చూపుతుంది. తెలంగాణలో కల్తీ కల్లు చరిత్ర దీనికి ఉదాహరణ. చెట్టు కల్లు చాలని చోట క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, అల్‌ప్రజొలాం వంటి నిద్రమందులు కలిపి అమ్మడం దశాబ్దాలుగా సాగింది. తాగేవారు తాము కల్లుకు అలవాటుపడ్డామనుకున్నారు. నిజానికి వారి దేహం నిద్రమందుకు అలవాటుపడింది. 2015లో ప్రభుత్వం కల్తీపై గట్టి చర్యలు తీసుకోగానే మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాలలో పెద్దసంఖ్యలో ప్రజలు ఫిట్స్, మతిభ్రమణ లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఎక్సైజ్ శాఖ పద్దులో అది కల్లు. మందుల షాపులో అది షెడ్యూల్ హెచ్1 మందు. తాగేవాని గ్లాసులో రెండు పద్దులూ కలిసిపోయాయి. హానిని మాత్రం ఏ పద్దూ ముందుగా లెక్కించలేదు.

7. ఏది ఎక్కువ హానికరం? కొలమానం ప్రశ్న

2010లో బ్రిటన్‌కు చెందిన డేవిడ్ నట్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. వాడేవారికి కలిగే హానిని, ఇతరులకు కలిగే హానిని కలిపి నిపుణులచేత 20 పదార్థాలకు వందకు మార్కులు వేయించారు. మద్యానికి 72 మార్కులతో మొదటి స్థానం దక్కింది. అనబాలిక్ స్టెరాయిడ్లకు 10 వచ్చాయి. మద్యం, స్టెరాయిడ్ల పోలికలో తరచుగా ఉదహరించే అంకెలివి. అయితే వీటిని యథాతథంగా తెలంగాణకు అన్వయించడం సరికాదు. మొదటి కారణం, ఆ అంకెలలో వాడకపు విస్తృతి కూడా ప్రతిఫలిస్తుంది. కొద్దిమంది వాడే పదార్థం సమాజానికి తక్కువ హాని చేసినట్లు కనిపిస్తుంది. ఒక్కొక్క వ్యక్తికి కలిగే ముప్పు తక్కువని దాని అర్థం కాదు. రెండవ కారణం, అందులో ఉన్నవి కండరాల కోసం వాడే స్టెరాయిడ్లు. మన గ్రామాలలో నొప్పికి వేసే కార్టికోస్టెరాయిడ్లు ఆ జాబితాలోనే లేవు. మూడవది, డాక్టరు చీటీపై వాడే ఔషధానికి ఉపయోగం కూడా ఉంది. ఆస్తమా, కీళ్లవాతం, తీవ్రమైన ఎలర్జీలలో స్టెరాయిడ్ ప్రాణదాత. మద్యానికి అటువంటి సమర్థన లేదు.

ఈ పరిమితులను దృష్టిలో ఉంచుకొని చూస్తే మూడు తీర్పులకు ఆధారముంది. జనాభా మొత్తం మీద, కుటుంబంపై పడే భారంతో కలిపి చూసినప్పుడు, మద్యానిదే పెద్ద హాని. ఇందులో సందేహానికి తావు లేదు. వ్యక్తిస్థాయిలో, పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడిన కార్టికోస్టెరాయిడ్ మద్యం కన్నా వేగంగా దేహాన్ని గుల్లచేయగలదు. మద్యపు సిర్రోసిస్‌కు ఏళ్లు పడితే, స్టెరాయిడ్ వల్ల ఎముక విరిగే ముప్పు కొద్ది నెలలలోనే పెరుగుతుంది. ఇక మూడవది, రెండూ కలిసినచోట హాని కూడికగా కాక పరస్పరం బలపరుచుకొనేదిగా ఉంటుంది.

8. లెక్కలోకి వచ్చిన ఒకే ఒక్క సందర్భం

స్టెరాయిడ్ల హాని తెలంగాణలో ప్రభుత్వ పద్దులోకి ఎక్కిన సందర్భం 2021లో వచ్చింది. అంతకుముందు ఏడాది జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన, వెంటిలేటర్‌పై ఉన్న కోవిడ్ రోగులలో డెక్సామెథసోన్ మరణాలను మూడింట ఒక వంతు తగ్గించిందని ప్రకటించింది. ఆ మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములు, గడువు పది రోజులకు మించదు, ఆక్సిజన్ అవసరం లేని రోగులకు దాని వల్ల మేలు కనిపించలేదు. రెండవ విడత కోవిడ్‌లో ఈ మూడు హద్దులూ చాలాచోట్ల చెరిగిపోయాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికీ, ఇంటివద్ద ఉన్నవారికీ, మధుమేహం ఉన్నవారికీ ఎక్కువ మోతాదులలో స్టెరాయిడ్లు అందాయి. బ్లాక్ ఫంగస్‌గా పేరుపడిన మ్యూకార్మైకోసిస్ కళ్లను, దవడలను, ప్రాణాలను బలితీసుకొంది. అదుపులో లేని చక్కెర, విచక్షణలేని స్టెరాయిడ్ వాడకం దానికి ముఖ్య కారణాలుగా నిపుణులు గుర్తించారు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యాధిని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది.

ప్రతి కేసునూ నమోదు చేయాలన్న ఉత్తర్వు రాగానే హాని కనిపించింది. ఫంగస్ తగ్గుముఖం పట్టిన తరువాత ఆ చూపు మళ్లీ మరలిపోయింది. అంతకు ముందూ, ఆ తరువాతా మోకాళ్లనొప్పులకు సూది వేయించుకొని ఎముకలు గుల్లబారిన కూలీ స్త్రీలు ఏ ఉత్తర్వు కిందికీ రాలేదు. మద్యం విషయంలో బాధితురాలైన స్త్రీ దుకాణం ముందు బైఠాయించగలిగింది. హాని చేసినవాడు, హాని పొందినది వేరువేరు మనుషులు. స్టెరాయిడ్ విషయంలో సూది వేయించుకొన్నది, నష్టపోయినది ఒకరే. ఉపశమనం ఇచ్చిన చేతినే ఆమె ప్రశ్నించవలసి ఉంటుంది. స్టెరాయిడ్ వ్యతిరేకోద్యమం రాకపోవడానికి కారణం హాని లేకపోవడం కాదు, నొప్పికి మరొక దారి లేకపోవడం.

9. ముగింపు

గార్ల వంటి ప్రాంతపు చరిత్రలో మద్యానికి ఒక శతాబ్దపు లిఖిత పద్దు ఉంది. అది ఆదాయం కోసం పుట్టినా, దానిని ఆధారం చేసుకొని స్త్రీలు, ఉద్యమకారులు, పరిశోధకులు హానిని లెక్కించగలిగారు. వేలంపాట బహిరంగంగా జరిగేది కనుకనే దానిని అడ్డుకోగలిగారు. స్టెరాయిడ్‌కు అటువంటి బహిరంగ స్థలం లేదు. అది ఆర్‌ఎంపీ సంచిలో, పేరు చెప్పని సీసాలో, పేషెంటు నమ్మకంలో దాగి ఉంది. కనుక మద్యం, స్టెరాయిడ్లలో ఏది ఎక్కువ చెరుపన్న ప్రశ్నకు ముందు, ఏ చెరుపును లెక్కించే ఏర్పాటు మనకు ఉన్నదన్న ప్రశ్న రావాలి.

ఈ పరిశీలన నుండి తెలంగాణ సామాజిక చరిత్ర అధ్యయనానికి రెండు మార్గాలు తెరుచుకుంటాయి. ఒకటి, ఆబ్కారీ దస్త్రాలను ఆర్థిక చరిత్రగానే కాక ఆరోగ్య చరిత్రగా తిరిగి చదవడం. రెండవది, గ్రామీణ వైద్యం, నొప్పి, సూదిమందుల గురించిన మౌఖిక చరిత్రను ఇప్పుడే సేకరించడం. షెడ్యూల్ హెచ్1 తరహాలో కార్టికోస్టెరాయిడ్ అమ్మకాలకు ప్రత్యేక పుస్తకం, ఆరోగ్య సర్వేలలో సూదిమందులపై ఒక ప్రశ్న, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కీళ్లనొప్పులకు క్రమమైన చికిత్స - విధానపరంగా ఈ మూడూ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తుంటి ఎముక చచ్చుబడిన కూలికి అది మద్యం వల్ల జరిగిందా, సూది వల్ల జరిగిందా అన్న తేడా పెద్దగా ఉండదు. ఆ తేడాను తేల్చి, ముందుగానే హెచ్చరించగల లెక్క ఉండటం మాత్రం అతనికి, అతని ఇంటికి జీవన్మరణ సమస్య.